మామగారి కర్ర పెట్టెలో వాసన

బాపట్ల,
8-2-1968.

చిరంజీవి లక్ష్మీసౌభాగ్యవతి బాలసరస్వతికి,

నీ భర్త యజ్ఞనారాయణ ఆశీస్సులతో వ్రాయునది.

భర్త భార్యకు వ్రాసే ఉత్తరానికి ఒక క్రమం ఉండాలని నా నిశ్చితాభిప్రాయం. ముందు క్షేమసమాచారం. తర్వాత, అందిన ఉత్తరంలోని ప్రశ్నలకు అవి అడిగిన వరుసలోనే సమాధానాలు. చివరగా, అధ్యక్షుల అనుమతితో ఇతర విషయాలు. ఈ క్రమం తప్పిన ఉత్తరం ఎంత ప్రేమతో వ్రాసినా చెల్లదు. మన క్లబ్బు కార్యదర్శిగా ఈ మాట బాధ్యతతో చెబుతున్నాను. మన ఇంట్లో అధ్యక్షస్థానం నీదే కనుక ఆ చివరి అంశానికి అనుమతి నువ్వే ఇవ్వాలి. ఇచ్చావనుకొని సాగిస్తున్నాను.

నేను క్షేమం. ఊరగాయ జాడీలు, తులసికోట, పక్కింటివారు కూడా క్షేమమే. మీ అక్కయ్యగారి కాలు అతుక్కొని, గోడ పట్టుకొని నడుస్తున్నారని చదివి సంతోషించాను. ఆవిడ బాగా కోలుకునేదాకా నువ్వు రేపల్లెలోనే ఉండడం సబబు. ఈ ఉత్తరం పూర్తిగా చదివాక నీకూ అలాగే అనిపించవచ్చు.

ఇక నీ ప్రశ్నలు. పాలవాడు నీళ్ళు కలుపుతున్నాడా అన్నావు. కలుపుతున్నాడు. నువ్వున్నప్పుడు చాటుగా కలిపేవాడు, ఇప్పుడు ఎదుటే కలుపుతున్నాడు. కందిపప్పు ఎండలో పోశాను. పిచ్చుకలకు పోగా మిగిలింది డబ్బాకెత్తాను. మెస్సులో భోంచేసే మనిషికి ఇంట్లో కిరసనాయిలు అంత త్వరగా ఎందుకైపోయిందన్న నీ ప్రశ్నను ఇతర విషయాలలోకి బదిలీ చేస్తున్నాను.

మీ నాన్నగారి పెట్టెలో వాసన పోయిందా అని అడిగావు. అందులోది తెనాలిలో ప్లీడరీ చేసినంతకాలం ఆయన వదలని బిలియర్డ్సు కర్ర. పోయేముందు ఆ కర్రనూ, దాని టేకు పెట్టెనూ నా చేతిలో పెట్టి, "అల్లుడుగారూ, దీని పరువు మీది" అన్నారు. అందుచేత వాసన విషయంలో ఏ ప్రయత్నమూ విడిచిపెట్టలేదు. నువ్వు చెప్పినట్టే ఎండబెట్టాను. మఖమలు వెలిసింది, వాసన వెలవలేదు. సాంబ్రాణి వేశాను. కర్పూరం పెట్టాను. వట్టివేళ్ళు పరిచి మూశాను. కలరా ఉండలు వేశాను. చివరికి మూత తెరిస్తే, చచ్చిన చేప ఒకటి తలంటుకొని గుడికి వెళ్ళొచ్చినట్టుంది. ఇక లాభం లేదని మఖమలంతా ఊడదీసి, కర్రకు వంటసోడా రుద్ది, బొగ్గులు పోసి ఆరబెట్టి, చీరాల నేతగుడ్డతో కొత్త అస్తరు వేయించాను. పెట్టెలో వాసన పోయింది. పెట్టెలో అని మాత్రమే అంటున్నాను.

నీ ఆఖరు ప్రశ్న, మన క్లబ్బు మార్కరు పేరయ్యను ఎందుకు తీసేశారని. అతని భార్య అంజమ్మ రేపల్లె పుట్టింటికి వచ్చినప్పుడు నీ దగ్గర ఏడ్చిందని వ్రాశావు. మా దగ్గర ఏడవలేదు. ఏడ్చి ఉంటే మాకు కొంత సుఖంగా ఉండేది.

జరిగింది ఇది. తెనాలి క్లబ్బుతో పందెం ఆడడానికి వెళ్ళాం. బల్ల దగ్గర నిలబడి బంతులు పేర్చి, స్కోరు వ్రాసే మార్కరు కనుక పేరయ్య కూడా వచ్చాడు. రైల్లో నా పెట్టె అతనే మోశాడు. అందరి ముందూ మూత తెరిచాను. తెనాలివాళ్ళు ఉత్తరీయాలు ముక్కుల మీదికి లాక్కున్నారు. "ఏంటండీ, ఈసారి సముద్రాన్ని కూడా జట్టులో చేర్చుకొచ్చారా?" అన్నాడొకడు. మీ నాన్నగారి పటం ఆ గది గోడకే ఉంది. నేను అటు చూడలేదు.

"పెట్టె ఎవరు మోశారు?" అన్నారు మన అధ్యక్షులు జగన్నాథంగారు.

"పేరయ్యండి" అన్నారు మనవాళ్ళెవరో.

"వాళ్ళదేవూరు?"

"సముద్రపొడ్డునండి."

"మరింకేం!"

విచారణలో ఎక్కువ భాగం అక్కడే పూర్తయింది. మిగిలినది బాపట్ల వచ్చాక క్లబ్బు కార్యనిర్వాహక సంఘం ముందు జరిగింది. పేరయ్య తలుపు పక్కన నిలబడ్డాడు. అంజమ్మ వరండాలోంచే మాట్లాడింది.

"మా ఆయన వల పట్టి ఎన్నాళ్ళయిందో తెలుసా బాబూ? మీ సుద్దముక్కలు పట్టే చేతులవి."

"వాసన వచ్చింది కదమ్మా!" అన్నారు జగన్నాథంగారు.

"ఏం వాసన బాబూ?"

"ఎండుచేపది. అందులోనూ సావడాయిది."

"అయ్యో రాత! ఉల్లిపాయ కూడా ముట్టని బాబులు గదా మీరు. చేప పేరు కూడా ఎట్టా పట్టేశారు?"

కోశాధికారి ఫ్యాను వైపు చూడసాగారు. అది తిరగడం లేదు. నేను 'సమాధానం సంతృప్తికరంగా లేదు' అని మినిట్సులో వ్రాసి, పేరయ్యను తొలగించే ఉత్తర్వు కింద సంతకం చేశాను.

ఇప్పుడు ఇతర విషయాలు.

మొన్న వేసవిలో సహకార సంఘం లెక్కల తనిఖీకి చీరాల దగ్గర సముద్రపొడ్డున ఉన్న రామాపురం వెళ్ళాను కదా. అక్కడ వీరరాఘవమ్మ అనే పెద్దావిడ నాకు వేరే అరటాకు వేసి, పప్పు వడ్డించి, "ఇది చేప బాబూ, మీరు తినరు" అని పళ్ళెం అవతలకు జరిపింది. ఆ పళ్ళాన్ని నేనే ఇవతలకు జరుపుకున్నాను. పొరపాటు పడ్డానని చెప్పుకొనే వీలు కూడా నాకు లేదు. తిన్నాను, బాలా. బాగుంది.

నువ్వు రేపల్లె వెళ్ళాక ఆ ఊరు తరచు వెళ్ళవలసిన అవసరాలు కల్పించుకున్నాను. ఎండు సావడాయి రిబ్బనులా సన్నగా, పొడుగ్గా ఉంటుంది. సంచిలో పెడితే తోక బయటికి వస్తుంది. మీ నాన్నగారి పెట్టెలో మాత్రం, కర్ర పక్కనే, దానికోసమే కొలిచి చేయించినట్టు పడుకుంది. చీరాల బస్సులో ఎవరైనా పలకరిస్తే ప్రాక్టీసుకు వెళ్ళొస్తున్నానని చెప్పేవాణ్ణి. ఇంటికొచ్చి తలుపులన్నీ బిగించి, సాంబ్రాణి వేసి, కిరసనాయిలు పొయ్యి మీద వేయించుకొనేవాణ్ణి. పైన బదిలీ చేసిన ప్రశ్నకు ఇదే సమాధానం.

తిన్నందుకు నువ్వు ఏమన్నా పడతాను. అది నోటికి సంబంధించిన తప్పు. కానీ ఆ రోజు పేరయ్య ఇంకెవరి వైపూ చూడకుండా నా వైపే చూశాడు. నేను ఒక్క మాట అంటానని చూశాడు. నేను కలం మూత తీశాను. అప్పటినుంచీ అన్నం సహించడం లేదు.

సోమవారం సాయంత్రం వాళ్ళింటికి వెళ్ళాను. పేరయ్య రైసుమిల్లులో పని అడిగి, లేదనిపించుకొని, అప్పుడే వచ్చాడు.

"పేరయ్యా, ఆ చేపలు నావి. తప్పు నీది కాదు" అన్నాను.

"నాకు చెబుతారేంటండీ? నేను కాదని నాకు తెలుసు గదండీ. తెలియనోళ్ళు అక్కడున్నారు."

మంచం వాల్చబోయాడు. లోపలినుంచి అంజమ్మ అంది: "ఆయన్ని కూర్చోబెట్టమాక. మంచానికి వాసన పడుద్ది."

నిలబడే తిరిగి వచ్చాను. నిన్న క్లబ్బు సంఘాన్ని సమావేశపరిచి, లేచి, ఉన్నది ఉన్నట్టు చెప్పాను.

"కూర్చోండి కార్యదర్శిగారూ, మీకు ఒంట్లో బాగాలేదు" అన్నారు జగన్నాథంగారు.

"బాగానే ఉందండి. తెచ్చింది నేను, తిన్నది నేను. ఇది వ్రాసుకొని, పేరయ్యకు క్షమాపణ చెప్పండి."

"వ్రాస్తే ఎట్లాగండీ? కార్యదర్శి తిన్నాడని పుస్తకంలోకెక్కితే, రేపు తెనాలివాళ్ళు మిగతా సభ్యుల సంగతేంటని అడగరూ?"

మిగతా సభ్యులందరూ ఏకగ్రీవంగా దగ్గారు. కోశాధికారి ఒక మార్గం చూపారు. పేరయ్యను తిరిగి తీసుకోవాలి, వాసన మాత్రం సముద్రపు గాలివల్ల వచ్చినట్టు నిర్ధారించాలి. నేను ఒప్పుకోనన్నా, మిగతావారంతా సరేనన్నారు. నా అసమ్మతిని కూడా వ్రాయనివ్వలేదు. రాజీనామా ఇస్తే, ఒంట్లో బాగైన తర్వాత పరిశీలిస్తామన్నారు.

మళ్ళీ పనిలో చేరమన్న కబురందుకొని వచ్చిన పేరయ్య వరండాలో ఉన్నాడు. రిక్షావాళ్ళు, కిళ్ళీకొట్టతను వింటుండగా రెండు చేతులూ జోడించి, "నన్ను క్షమించు పేరయ్యా" అన్నాను.

"లోపల చెప్పారా అండీ?"

"చెప్పాను."

"రాసుకున్నారా?"

"లేదు."

అతను లోపలికి వెళ్ళి బల్ల మీద దుమ్ము దులపడం మొదలుపెట్టాడు. నాకు బాగా పరిచయమైన అతని నవ్వు నిన్న కనిపించలేదు. ఇకముందు కనిపిస్తుందో లేదో తెలియదు.

నువ్వు ఎప్పుడు వస్తావో, వచ్చి ఏమంటావో నీ ఇష్టం. నా తప్పును తప్పుగా స్వీకరించే అధికారం ఈ జిల్లాలో ఇక నీకొక్కదానికే మిగిలింది.

పోతే, నిన్నటి తీర్మానం. కార్యదర్శిని కనుక దీన్ని నా చేత్తోనే వ్రాయించారు. ఈ ఉదయం నోటీసు బోర్డుకు అంటించడం, దాన్ని అమలు చేయడం పేరయ్య విధుల్లో చేర్చారు: "సముద్రపు గాలి, ఇద్దరు సభ్యుల లిఖితపూర్వకమైన సిఫారసు లేనిదే, క్లబ్బు ఆవరణలోకి ప్రవేశించరాదు. ఈ నిబంధనే అంతిమం. దీనిపై అప్పీలు లేదు."

ఇట్లు,
నీ ముఖం ఎలా చూడాలో తెలియని
నీ భర్త,
యజ్ఞనారాయణ