సోమవారం ఎనిమిది గంటల క్లాసు

పోర్ట్ విలా,
ఆదివారం మధ్యాహ్నం

అమ్మకు,

మెలెసెయిని రాసేది. నా ఒంట్లో బాగానే ఉంది. నువ్వూ నాన్నా కులాసాగా ఉన్నారని తలుస్తాను.

నువ్వడిగినవాటికి జవాబులు. తిండికి లోటు లేదు, కర్రపెండలం మాత్రం మన తోటలోదంత మెత్తగా ఉడకదు. చర్చికి నడిచే వెళ్తున్నాను. నువ్వు అల్లిన చాప మంచం మీద పరిచాను. సెమిసి అన్న నిన్ను కనిపెట్టి చూస్తున్నాడా అని అడిగావు. అది కింద రాస్తాను.

రేపు ఎనిమిదింటికి లా కాలేజీలో మొదటి క్లాసు. దానికోసం వారం రోజులుగా ఒకే తీర్పు చదువుతున్నాను. జరిగినదంతా ఒక కాగితం మీద, కోర్టు ఏమన్నదో ఇంకో కాగితం మీద రాసుకున్నాను. క్లాసులో లేచి ఆ సంగతంతా చెప్పాల్సింది నేను. ముద్దాయి తరఫున మాట్లాడాల్సింది సెమిసి. టోంగా నుంచి వచ్చింది ఇద్దరమేనని మా లెక్చరర్ మిసెస్ పెంబర్టన్ మమ్మల్ని జత చేసింది.

అమ్మా, అది ఒక ఆడపిల్ల మీద జరిగిన అత్యాచారం కేసు. నేను గదిలో ఉండగా రేడియోలో ప్రేమపాట వస్తేనే సెమిసి లేచి వాకిట్లోకి పోతాడు. ఆ తీర్పులోని మాటలు అతని ఎదుట ఎలా పలకను? అద్దం ముందు ఒక్కదాన్నే చదువుకుంటున్నా ఆ మాటలు దాటేస్తున్నాను.

గురువారం జత మార్చమని అడగడానికి వెళ్ళాను.

"ఎందుకమ్మాయ్? మీరిద్దరూ చుట్టాలా?" అంది ఆవిడ.

అవునంటే, మనలో అన్నాచెల్లెళ్ళు ఒకరి ఎదుట ఒకరు ఇలాంటి మాటలు ఎత్తకూడదన్న పద్ధతంతా చెప్పాలి. విని, ఈ పిల్ల లా ఏం చదువుతుందిలే అనుకుంటుందని భయం వేసింది. "కాదండీ. అతనెవరో నాకు తెలీదు" అన్నాను.

అప్పటికే సెమిసి కూడా వచ్చి గుమ్మంలో నిలబడి ఉన్నాడు. నేల చూపులు చూస్తూ, "నిజమేనండీ, మాకు పరిచయం లేదు" అన్నాడు.

"ఇంకేం మరి! సోమవారం చేసుకోండి పరిచయం" అని ఆవిడ నవ్వింది.

నీ సొంత అక్క కొడుకు. నీ చేతి ముద్ద తిని పెరిగినవాడు. ఈ మూడు రోజులూ నీకు రాయలేకపోయాను.

నా గదిలో ఉండే సాలమన్ దీవుల పిల్ల నెస్టాకి చెబితే, "ఓ లాయరమ్మా, క్లాసులు మొదలవకుండానే దొంగసాక్ష్యమా!" అని పడీపడీ నవ్వింది. ఈ పొద్దున చర్చి దగ్గర సెమిసి దాన్ని పిలిచి, "మా చెల్లికి చెప్పు, భయపడొద్దని. రేపు ఆ సబ్జెక్టు నేను వదిలేస్తున్నా" అన్నాడట. అప్పుడు నెస్టా నవ్వలేదు. "వదిలితే స్కాలర్‌షిప్పు పోతుందే మొద్దూ! ఇంటికి పంపేస్తారు అతన్ని" అంది.

మిసెస్ పెంబర్టన్ ఇల్లు మా హాస్టలుకి ఎదురుగానే. వరండాలో కూర్చుని టీ తాగుతోంది, కిటికీలోంచి కనిపిస్తోంది. ఈ ఉత్తరం ముగిసేలోగా లోపలికి వెళ్ళిపోతే బాగుణ్ణని అందుకే ఇంత మెల్లగా రాస్తున్నాను. ఆవిడ కదలడం లేదు. చెప్పులు వేసుకున్నానమ్మా. వెళ్తున్నాను.

ఇట్లు,
సెమిసి చెల్లెలు,
నీ కూతురు
మెలెసెయిని