తలుపు లేని గదిలో చెప్పిన జవాబు రద్దు కోరుతూ

ఆసుపత్రి సూపరింటెండెంటు గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: మూడో నంబరు గదికి తలుపు లేనందున నేను చెప్పిన అబద్ధపు జవాబును రద్దుపరచి, అదే ప్రశ్న మళ్లీ అడిగించుట గురించి.

1. నేను వడ్రంగిని. ప్రోస్టేటు గ్రంథి వాచి మూత్రం ఆగిపోగా తమ ఆసుపత్రిలో గొట్టం వేయించుకుని, సంచీ నడుముకు కట్టుకుని తిరుగుచున్నాను. రేపు ఉదయం ఆపరేషన్.

2. మొన్న సదరు గదిలో డాక్టరమ్మగారు నాకు రెండు దారులు చెప్పారు. గ్రంథిని మొత్తం తొలిచేస్తే మూత్రం ధారగా వస్తుందట. కానీ వీర్యం బయటికి రాక వెనక్కి మూత్రాశయంలోకి పోతుందట, ఆ సుఖం మునుపటిలా ఉండకపోవచ్చునట. వీర్యం వచ్చే దారి దగ్గర కొంత కండ వదిలేసి చేస్తే అది మిగిలే అవకాశం ఉందట, కానీ కొన్నాళ్లకు మళ్లీ కోయాల్సి రావచ్చునట. "ఆ సంగతి మీకింకా కావాలా పెద్దాయనా? మొహమాటపడకుండా చెప్పండి" అని అడిగారు. నా జన్మలో నన్నెవరూ ఇంత మర్యాదగా ఏదీ అడగలేదు.

3. సదరు ప్రశ్న అడిగిన సమయమున నా పక్కన మా అల్లుడు నిలబడి ఉన్నాడు. గుమ్మంలో టోకెన్లు పట్టుకుని జనం ఉన్నారు. అందులో ఒకాయన దగ్గడం కూడా మానేసి విన్నాడు. అల్లుడు తల తిప్పుకుని గోడ మీది బొమ్మ వైపు చూశాడు. ఆ బొమ్మలోనూ అదే ఉంది. నేను "ఛఛ, అవేం మాటలమ్మా! ఈ వయసులో నాకెందుకవి" అన్నాను. పైగా నవ్వాను. అల్లుడు గండం గడిచినట్టు ఊపిరి పీల్చుకుని, "మా మావయ్యగారికి అలాంటివేం లేవండీ, మొత్తం తీసేయండి" అన్నాడు. డాక్టరమ్మగారు అలాగే రాసుకున్నారు.

4. సదరు గదికి తలుపు ఉండి ఉంటే, అల్లుణ్ణి మంచినీళ్లకు పంపి, గడియ వేసి నిజం చెప్పి ఉండేవాణ్ణి. ఆ తలుపు ఊడదీసింది నేనే. ద్వారబంధానికి చెదలు పట్టిందని తమ కార్యాలయం వారు పిలిపించగా, తలుపు విప్పి కొట్టుకు తీసుకుపోయి బాగుచేశాను. కొత్త ద్వారబంధానికి మంజూరు ఇంతవరకు రాలేదు. తలుపు నా కొట్టులోనే గోడకు ఆనించి ఉన్నది. దాన్ని చూస్తే నా మీద నాకే ఒళ్లు మండుచున్నది.

5. నిజం ఏమనగా, మా కాపురమంతా ఒకే గదిలో గడిచింది. మా అమ్మ, చెల్లెళ్లు, ఆ తర్వాత మా అమ్మాయి. ఎందరి పడకగదులకో గడియలు బిగించాను గానీ మా ఇంట్లో గడియ వేసుకునే యోగం లేదు. నేనూ మా ఆవిడా సైగలతోనే నెట్టుకొచ్చాం. పోయినేడు అమ్మాయి అత్తారింటికి వెళ్లింది. ఆ మర్నాడే మా తలుపుకు ఇత్తడి గడియ బిగించాను. "సిగ్గులేకపోతే సరి, ఇప్పుడు ఎవరొస్తారని?" అని మా ఆవిడ దెప్పింది. గడియ మాత్రం తనే వేసింది. అయ్యా, మేము కాపురం మొదలుపెట్టి ఏడాది కూడా కాలేదు. నాకది కావాలి. తలుచుకుంటే ఏడుపొస్తోంది.

6. జవాబు మార్చుకుందామని మళ్లీ వెళ్లాను. "మిమ్మల్ని ఒక్కరినీ ఎలా పంపుతాం మావయ్యగారూ" అని అల్లుడు వెంటబడి వచ్చాడు. మంచివాడు, అదే వచ్చిన చిక్కు. డాక్టరమ్మగారు ఏమిటని అడిగితే మలబద్ధకం అన్నాను. మందు రాశారు.

7. నా గ్రంథి మరీ పెద్దదనీ, కండ వదిలినా ఆ సుఖం మునుపటిలా ఉంటుందని పూచీ ఇవ్వలేననీ డాక్టరమ్మగారు ముందే చెప్పియున్నారు. కనుక నాకు పెద్ద ఆశలు లేవు. పోతే పోనీ, నేనే వద్దన్నానని మాత్రం పోకూడదు.

కావున తమరు దయయుంచి, తలుపున్న ఏదేని గదిలో, మా ఆవిడ సమక్షమున, మా అల్లుడు లేకుండా, ఆ ప్రశ్న మరొక్కసారి అడిగించవలెననియు, ఈ అర్జీని పైకి చదవకుండా చిత్తగించవలెననియు వేడుకొనుచున్నాను.

ఇట్లు,
తమ విధేయుడు,
వడ్రంగి.

తా.క.: గుమాస్తాగారు విషయం దగ్గరే చదవడం ఆపి, "తలుపు గొడవా? మరమ్మతుల విభాగంలో ఇచ్చుకో" అని ముద్ర కొట్టి కాగితం నా చేతికే ఇచ్చేశారు. ఆ విభాగానికి తాళం వేసి ఉంది. చేసేది లేక తలుపునే తోపుడుబండి మీద తెచ్చాము. గేటు పాసు లేదని కాపలాదారు లోపలికి రానివ్వలేదు. ప్రస్తుతం దాన్ని ప్రహరీగోడకు ఆనించి, వెనక నేనూ మా ఆవిడా కూర్చుని ఉన్నాము. రోడ్డు మీది వాళ్లకు కనపడము. డాక్టరమ్మగారు ఇంటికి వెళ్తూ ఒక్క నిమిషం ఈ తలుపు వెనక్కి వచ్చి అడిగినా చాలు. "ఈసారి మీరు నోరు విప్పకపోతే నేనే చెప్పేస్తాను, ఏమైతే అయింది" అంటోంది మా ఆవిడ. కాగితం తమకు అందిస్తానని కాపలాదారు ఒప్పుకున్నాడు. అడుగో, వీధి మలుపులో మా అల్లుడు, భోజనం క్యారేజీ పట్టుకుని వచ్చేస్తున్నాడు. మా ఆవిడ అప్పుడే మాట ఆపేసి లేచి నిలబడింది.