పన్నెండో రైఫిల్

మార్చి 22, 2004. ఉదయం 7.
ఒట్టు వేశాను. మా ఆవిడ నోలీన్ ఎదురుగా, టోస్టు మీద చెయ్యి పెట్టి. ఇకమీదట పాత సైనిక రైఫిల్ కొనేటప్పుడు అమ్మేవాడు చెప్పే కథ విననే వినను. ఇనుమే చూస్తాను!
బీరువాలో పదకొండున్నాయి. 1915 నాటి గల్లిపొలీ యుద్ధం చూశాయని కొన్నవి నాలుగు. నాలుగూ ఆ యుద్ధం అయ్యాక తయారైనవే.
పన్నెండో గూడు ఖాళీ. మా ఆవిడ షరతు: "ఇంకొక్క నకిలీది ఇంట్లోకొచ్చిందా, మొత్తం అమ్మేసి ఊళ్లు తిరగడానికి క్యారవాన్ బండి కొంటాం కెల్విన్. కర్టెన్ల రంగు కూడా అనుకున్నా."
కావలసినవి: టార్చి. భూతద్దం. బోల్టు మీద, గొట్టం మీద, తుపాకీ మూతి దగ్గర ఒకే నంబరుండాలి. లేదంటే ముక్కలు తెచ్చి బిగించిందే. చెవుల్లోకి దూది.

మార్చి 24.
దూది కొన్నాను. నోలీన్ నవ్వలేదు.

మార్చి 26. 11:10.
నెవిల్ తుపాకుల కొట్టు. 1942లో లిత్‌గో ఆయుధాల ఫ్యాక్టరీలో చేసిన రైఫిల్. దూది పెట్టుకునే చూశాను. మూడు నంబర్లూ కలిశాయి! బోల్టు మీద ఏడు అంకె మాత్రం కాస్త వాలింది. ఫ్యాక్టరీలో ఆవేళ ఎవరికో తొందర. నకిలీ చేసేవాడికి ఇంత సహజంగా చేతకాదు.
11:30. అమ్మే ఆవిడ వచ్చింది. పేరు ఐరిస్. భర్త కీత్ పోయి ఏడాది. ఆవిడ ముందు చెవుల్లో దూదితో కూర్చోవడం మర్యాద కాదు. ఒకటి తీశాను.
"ఇది మోసినాయన యుద్ధంలో కొకోడా కొండదారి బురదలో గాయపడ్డ స్నేహితుణ్ణి మూడు రోజులు భుజాన వేసుకు నడిచాడటండీ. దీన్నే ఊతకర్రగా పట్టుకుని. చెక్క మీద ఆ గీత చూశారా? ఏటా సైనికుల్ని తలుచుకునే ఆంజాక్ రోజున మావారు దీన్ని తుడుస్తూ ఏడ్చేవారు."
రెండోది కూడా తీశాను.
12:05. పోలీసు పర్మిట్‌కి దరఖాస్తు. ఇరవై ఎనిమిది రోజులు ఆగాలి. మనిషికి బుద్ధి రావడానికి ప్రభుత్వమిచ్చే గడువు. మంచి చట్టం.

ఏప్రిల్ 3.
క్లబ్బులో చెప్పాను. మూడు రోజుల నడక నా నోట్లో నాలుగైంది.

ఏప్రిల్ 11, ఈస్టర్.
గొర్రె మాంసం. నోలీన్ తమ్ముడు: "కథలు విననన్నావుగా బావా?"
వినడం గురించే ఒట్టు. చెప్పడం గురించి కాదు.
ఈసారి వారం రోజుల నడక చెప్పాను. వాన కూడా.

ఏప్రిల్ 23.
పర్మిట్ వచ్చింది! బేరమాడలేదు. భూతద్దం ఇంట్లో మర్చిపోయాను.
ఐరిస్: "కీత్‌కి ఇది అమ్మినాయన కూడా మీలాగే రైల్వే ఆయనట. ఎంత నిజాయితీ మనిషో అనేవారు."
రైల్వేవాళ్లం అంతేనన్నాను.

ఏప్రిల్ 24. సాయంత్రం 4.
నూనె కోసం షెడ్డు వెతికితే నంబర్లు కొట్టే ఉక్కు అచ్చుల డబ్బా దొరికింది. సరదాకి రేకు మీద ఏడు కొట్టాను. వాలింది.
బోల్టు పక్కన పెట్టాను. అదే వాలు.
4:20. గుర్తొచ్చింది. 1981. ఈ రైఫిల్‌కే వేరే బోల్టు తెచ్చి, పాత నంబరు ఆకురాయితో గీకి, కొత్తది కొట్టాను. కొన్నాయన మెతక మనిషి. మా మామయ్య దీన్ని ఊతకర్రగా పట్టుకుని బురదలో నడిచాడన్నాను. మామయ్య మాంసం కొట్టు దాటి ఎక్కడికీ పోలేదు. ఆ గీత మా బల్ల మేకుది.
గాయపడ్డ స్నేహితుడి సంగతి నేను చెప్పలేదు. కీత్ చేర్చుకున్నాడేమో. ఇరవై రెండేళ్లు ఒక మనిషి నా అబద్ధాన్ని తుడుస్తూ ఏడ్చాడు. సిగ్గేసింది.
4:45. గుమ్మంలో నోలీన్. "అసలుదేనా?"
"కాదు. చేసింది నేనే."
రేకునీ బోల్టునీ పక్కపక్కన పెట్టి చూసింది. "పోనీలే, చేసినవాడు దొరకడం ఇదే మొదటిసారి. ఆవిడకి చెప్తావా?"
"రేపు టీకి పిలిచింది. చెప్తాను."

ఏప్రిల్ 25, ఆంజాక్ రోజు.
చెబుదామని నోరు తెరిచాను. ఐరిస్ కీత్ ఫోటో తెచ్చి నా ఎదురుగా పెట్టింది. "ఆ కథ ఒక్కసారి మీరు చెప్పండి. ఆయన చెప్పినట్టే ఉంటుంది."
చెప్పాను. మూడు రోజులే. ఒక్క రోజు కూడా కలపలేదు.
కారులో నోలీన్: "కర్టెన్లు నీలం."

ఏప్రిల్ 26. ఉదయం 7.
ఒట్టు వేశాను. కథ వినను, చెప్పను. పదకొండూ అమ్మేస్తాను, ఇనుము గురించి తెలిసింది మాత్రమే చెప్పి. పన్నెండోది అమ్మను. అది ఇంకొకరి చేతిలో పడకూడదు.
10:15. చూడ్డానికి మొదటి ఆయన వచ్చాడు. టార్చి తెచ్చుకున్నాడు. భూతద్దం తెచ్చుకున్నాడు.
చెవుల్లో దూది లేదు.