టీజిల్ ఎవరి ఈలకు పోతోంది?

మిస్ ఫాసెట్ గారికి,

మర్యాదలు తర్వాత. నేను జెత్రోని, మీ గోడవతల పచ్చికలో వేటకుక్కలకు తర్ఫీదు ఇచ్చేవాణ్ణి. మొన్న మీ తలుపు బాది బాది చెయ్యి వాచింది. మీకు చెవుడని ఆ తర్వాత ఊళ్లోవాళ్లు చెప్పారు. అందుకే ఈ ఉత్తరం గోడమీద రాయి కింద పెడుతున్నా.

మా టీజిల్, అదే ఆ నల్ల లాబ్రడార్, చలికాలమంతా కుక్కల కొట్టంలో నేను విసిరిన గుడ్డమూట తెచ్చి బుద్ధిగా నా చేతికిచ్చింది. వసంతం వచ్చిందని బయటికి తెచ్చాను, కొన్నాళ్లకే మూట కరుచుకుని మీ గోడ దూకడం మొదలెట్టింది. ఖాళీ నోటితో తిరిగొస్తోంది. మీరు దానికేదో తినిపిస్తున్నారు. ఆపండి!

నెలాఖరు శనివారం మా వేటభూమి పెద్ద కాపలాదారు రాఫ్టన్ పరీక్ష పెడతాడు. అందులో తప్పిందా, టీజిల్‌ని లీడ్స్ పట్నంలో ఎవరి సోఫామీదికో పెంపుడుకుక్కగా పంపేస్తాడు. పుట్టగానే ఊపిరాడకపోతే నా చొక్కాలో దాచి బతికించుకున్న కుక్క అది.

కోపంతో,
జెత్రో

తా.క. నాకెవరూ ఏదీ నేర్పలేదు, అంతా నాకు నేనే నేర్చుకున్నా. కాబట్టి నన్ను మోసం చెయ్యడం కష్టం.

*

అబ్బాయ్ జెత్రోకి,

దీవెనలు. బిస్కెట్లు నేను పెట్టేది నా నోటికే నాయనా. ఆ మూటలు నీవా! పాత కాపలాదారు చిరిగిన చొక్కాల్ని కుక్కతోనే పంపేవాడు, నేను కుట్టి గోడమీద పెట్టేదాన్ని. నువ్వూ అలాగే పంపుతున్నావనుకున్నా. ఆ కుట్లేంటయ్యా, అంత ఘోరంగా! లోపలి రంపప్పొట్టు పారబోసి లావెండర్ పువ్వులు కూరాను. అంచుకి డైసీ పూలు కుట్టాను. గోడమీదున్నాయి, తీసుకో.

ఒక్కటే అంతుపట్టడం లేదు. నీ కుక్క నా గుమ్మంలోకొచ్చి కూర్చుంటుంది గానీ నా మొహం చూడదు. నా నెత్తిమీదుగా పైకి చూస్తుంది. ఎందుకంటావ్?

ఆశీస్సులతో,
హనా ఫాసెట్

తా.క. బాగా తల దువ్వుకుని నిలబడి చూశా. అయినా పైకే చూసింది.

*

లావెండర్ ఫాసెట్ గారికి,

అది దిండు కాదండీ! తుపాకీతో కొట్టిన పిట్ట ఇలా ఉంటుందని కుక్కకి నేర్పే మూట అది. డైసీ పూలున్న పిట్టని మీరెక్కడైనా చూశారా? కొట్టంలో అందరూ నన్ను 'పెళ్లికూతురా' అని పిలుస్తున్నారు.

ఇక అసలు సంగతి. మీ దొంగతనం బయటపడింది. నిన్న నేను వెనక్కి పిలిచే ఈల వెయ్యకముందే మీ ఇంటివైపు నుంచి ఈల వినబడింది. మూడు పొట్టి కూతలు. నా ఈల అంచు విరిగింది, మూడో కూత చీలిపోతుంది. ఈ లోకంలో అలాంటి ఈల ఇంకోటి లేదు. మీదీ చీలింది! అంటే మీ ఈలని కావాలనే విరగ్గొట్టారన్నమాట. చెవుడనే నాటకం కూడా ఇక కట్టిపెట్టండి.

మండిపోతూ,
జెత్రో

తా.క. శనివారం ఒక్కరోజు ఊరుకోండి. దయచేసి. ఈ మాట ఇంతవరకూ ఎవరికీ రాయలేదు.

*

మండిపోతున్న జెత్రోకి,

నా కట్టుడుపళ్లు గ్లాసులో ఉంటాయి బాబూ. ఈల వెయ్యాలంటే ముందు వాటిని వెతుక్కోవాలి. నాకు కోపం రాలేదు, నిద్ర మాత్రం పోయింది. ఎవరు వేస్తున్నారా అని నిన్న పొద్దంతా కిటికీలో కూర్చున్నా. మనిషన్నవాడు రాలేదు. కుక్క వచ్చింది, పైకి చూసింది, మూట పెట్టింది, పోయింది.

శనివారం గుమ్మంలో కుర్చీ వేసుకుని, చేతులు రెండూ పైకెత్తి, నోటినిండా కేకు పెట్టుకుని కూర్చుంటా. అప్పుడు చూద్దాం ఎవరు వేస్తారో!

నీ మంచికోరే,
హనా ఫాసెట్

తా.క. ఇవాళ నీ టోపీ తెచ్చింది. దానికీ ఒక పువ్వు కుట్టాను.

*

హనా అమ్మమ్మ గారికి,

క్షమించండి. మీరు అంతా చూశారు గానీ వినలేదు. అందుకే రాస్తున్నా.

రాఫ్టన్ మూట విసిరాడు (డైసీ పూలదే, నా ఖర్మ). టీజిల్ తీసుకుని నావైపే వస్తోంది. నా ఈల ఇంకా జేబులోనే ఉంది. అంతలో మీ ఇంటివైపు నుంచి మూడు కూతలు, మూడోది చీలింది. టీజిల్ గిర్రున తిరిగి గోడ దూకేసింది. "ఎవడ్రా అది?" అన్నాడు రాఫ్టన్. ఇద్దరం వెనకాలే దూకాం. మీరు కేకుతో, చేతులెత్తి కూర్చునున్నారు. ఈల మళ్లీ వినబడింది!

పైకి చూశాం. మీ చూరుకింద గూడు కట్టుకున్న చుక్కల గోరింక, గొంతు ఉబ్బించి, అచ్చం నా విరిగిన ఈల వేస్తోంది. ఏప్రిల్ నుంచీ రోజూ మీ గోడపక్క నిలబడి దానికి పాఠం చెప్పింది నేనే.

టీజిల్ పని అయిపోయిందనుకున్నా. రాఫ్టన్ మీ మెట్లమీద కూలబడి కడుపు పట్టుకుని నవ్వాడు. "ఈవిడ పెరట్లో కోళ్ల మధ్యలోంచి వచ్చింది, ఒక్కదాన్నీ కన్నెత్తి చూడలేదు. పిలిచినవాడి దగ్గరికే తెచ్చింది. ఇంతకంటే ఏం కావాలిరా నీకు? తప్పు కుక్కది కాదు, దానికి ఇద్దరు యజమానుల్ని పెట్టిన నీది," అన్నాడు. తన పాత కొమ్ముఈల నాకిచ్చాడు. దాని కూత వేరు. టీజిల్ ఎక్కడికీ పోదు.

మీ,
జెత్రో

తా.క. గోరింక ఈలతో ఆగలేదు. రాఫ్టన్ వింటుండగా నా గొంతుతో "ముసలి దొంగా, ఈల కింద పడెయ్!" అని అరిచింది. అది ఎక్కడ నేర్చుకుందో నాకు తెలీదు. మీకు వినబడదు కదా, నిజంగానే వినబడదు కదా?