వెనక గది

చేవెళ్ల, 1941

అన్నా,

నువ్వు పంపిన దయ్యాల నవలలు చదివి, మా ఆయన తన మొదటి భార్యను వెనక గదిలో చంపేశారని నమ్మాను. నిన్న ఆ తలుపు నెట్టి చూశాను. తాళం కూడా లేదు. లోపల నులక మంచమొక్కటే ఉంది.

అడిగితే అత్తమ్మ బియ్యం చెరుగుతూనే చెప్పింది: "మూడు దినాలు కాన్పు నొప్పులు పడి, గా మంచంలనే పాణమిడిచింది. దవాఖానల మొగ డాక్టరు ముట్టుకుంటడని మేమే తోలుకపోలె."

నవలల్లో దుర్మార్గులు దాస్తారు. వీళ్లు ఏదీ దాచలేదు.

నాకిప్పుడు ఎనిమిదో నెల. అమ్మ లేని పుట్టింటికి కాన్పుకు పంపరట. ఈ పొద్దున ఆ గదిని నా కోసం అలికారు.

మొయినాబాద్ నుంచి బండి కట్టుకొని వచ్చి, నన్ను పట్నం దవాఖానకు తీసుకుపో. బాపు చావుబతుకుల్లో ఉన్నాడని వీళ్లతో చెప్పు. ఇప్పుడు నాకు కావలసిన కట్టుకథ అదొక్కటే.

నీ చెల్లెలు