ఎదురుగా ఉన్న పిట్ట

చిరంజీవి మరిదికి వదిన దీవించి రాస్తున్న ఉత్తరం.

ఇక్కడ అందరం వేళకు తిని, వేళకు పడుకుంటున్నాం కనుక క్షేమమనే అనుకో. నీ ఓడ ఇప్పుడు ఏ సముద్రం మీద ఉందో, ఇది ఏ రేవులో నీ చేతికి అందుతుందో తెలియదు. ఒళ్ళు జాగ్రత్తగా చూసుకుంటున్నావనే నమ్మకంతో రాస్తున్నాను.

నువ్వడిగినవాటికి జవాబులు చెబుతాను. అత్తయ్య మోకాళ్ళు చలికి మొరాయిస్తున్నాయి గానీ నోరు మాత్రం భేషుగ్గా ఉంది. బుడ్డదానికి ముందు పళ్ళు రెండూ ఊడాయి. నువ్వు పంపిన ఉన్ని టోపీ ఇంట్లో కూడా తీయడంలేదు. దానికి తలంటాలంటే నాకు తలప్రాణం తోకకొస్తోంది. "అన్నయ్య తన చేత్తో ఎందుకు రాయడంలేదు? నాకు సెలవు దొరకలేదని అలిగాడా?" అనడిగావే, అది ఒక్క ముక్కలో తేలేది కాదు. ముందు పిట్టల సంగతి విను.

ఏటా చలికాలంలో వెళ్ళినట్టే ఈసారీ సముద్రం పక్క చిత్తడి నేలలకు వెళ్ళాం. నువ్వు లేవు కనుక మానేద్దామన్నాను. మీ అన్నయ్య ఒప్పుకోలేదు. "వాడు సెలవు లేదంటాడు గానీ, ఉన్నట్టుండి అక్కడే ప్రత్యక్షమవుతాడు, చూస్తూ ఉండు" అన్నారు. బస్సు దిగేసరికి మంచు ఇంకా విడలేదు. నీళ్ళూ ఆకాశమూ ఒకే బూడిద రంగు. గట్టు మీద నడుస్తుంటే ఈదురుగాలి చెవులు కోసేస్తోంది. అత్తయ్య దుప్పటి తలమీదుగా కప్పుకుని, "పిట్టల కోసం ఇంత దూరం రావాలా? మన మేడెక్కితే కాకులు లేవూ?" అని దారి పొడుగునా సణుగుతూనే ఉంది. అయినా ఫ్లాస్కు మాత్రం ఎవరికీ ఇవ్వలేదు.

మీ అన్నయ్య బైనాక్యులర్ కళ్ళకు పెట్టుకుని, కోడిలా మెడ పక్కకు వాల్చి చూస్తున్నారు. బుడ్డది చెయ్యి పట్టి లాగింది.

"నాన్నా, ఆ నల్లది ఏంటి?"

"ఏ వైపమ్మా?"

"ఎదురుగానే!"

"ఆఁ... అదా! అది నీటికాకి. రెక్కలు ఆరబెట్టుకుంటోంది."

"కాకి కాదు నాన్నా, కర్ర! ఎవరో పాతిపెట్టారు."

అత్తయ్య పకపకా నవ్వింది. ఆయనా నవ్వారు. నాకు మాత్రం నవ్వు రాలేదు. కొన్నాళ్ళుగా చూస్తూనే ఉన్నాను మరి. టీ కప్పులో పోయబోయి సాసరులో పోస్తున్నారు. దుకాణంలో గడియారాలు విప్పినవి విప్పినట్టే ఉంటున్నాయి. "స్పేరు పార్టులు రాలేదు" అని వచ్చినవాళ్ళను పంపించేస్తున్నారు. అలసట అనుకున్నాను. అనుకోవాలనుకున్నాను.

మధ్యాహ్నానికి మంచు విడి కాస్త ఎండ వచ్చింది. పిట్టల్ని చాటుగా చూసే చెక్కగది ఉంది కదా, అందులో కూర్చుని రొట్టెలు తింటున్నాం. అంతలో ఒకతను లోపలికి వచ్చాడు. నీ అంత పొడుగు, నీలాగే పొడుగు కోటు, భుజాన సంచీ. గుమ్మంలో వెలుతురుకు అడ్డంగా నిలబడ్డాడు. మీ అన్నయ్య చేతిలో రొట్టె వదిలేసి లేచారు.

"వచ్చేశావుట్రా! నాకు తెలుసురా నువ్వొస్తావని. సెలవు లేదని కోతలు కోశావు గానీ..."

అంటూ అతని భుజాలు రెండూ గట్టిగా పట్టుకున్నారు. ఆ మనిషి విదిలించుకోలేదు. ఆయన భుజం మీదుగా నావంక చూశాడు, ఏం చెయ్యమంటారన్నట్టు. అత్తయ్యే అంది, "ఒరేయ్, అతనెవర్రా?" అని.

"నేను... పిట్టల్ని చూద్దామని వచ్చానండీ" అన్నాడతను మెల్లగా.

మీ అన్నయ్య చేతులు వెంటనే కిందికి దిగలేదు. అతని కోటు మీద దుమ్మేదో ఉన్నట్టు రెండుసార్లు దులిపి, "లోపల చీకటిగా ఉంది, ఏమీ అనుకోకండి" అన్నారు. లోపల చీకటి లేదు, మరిదీ. బల్ల మీద ఎండ పడుతోంది.

అప్పుడే బయట ఎక్కణ్ణుంచో గద్ద వచ్చిపడింది. నీళ్ళమీదున్న బాతులూ ఉల్లంకి పిట్టలూ ఒక్కసారిగా లేచాయి. ఆ రెక్కల చప్పుడుకు గది చెక్కలు అదిరాయి. అందరం కిటికీ దగ్గరికి పరుగెత్తాం. "నాన్నా, చూడు చూడు!" అని బుడ్డది గోల. ఆయన కదల్లేదు. "నువ్వు చెప్పమ్మా, ఎలా ఎగురుతున్నాయో" అన్నారు. అది ఆలోచించి, "దుప్పటి దులిపినట్టు" అంది. ఆయన కళ్ళు మూసుకుని తలూపారు.

తిరిగి వచ్చేటప్పుడు అత్తయ్యనూ పిల్లనూ ముందు నడవనిచ్చి, ఆయన నా చెయ్యి పట్టుకున్నారు. పెళ్ళైన కొత్తలో కూడా వీధిలో పట్టుకోని మనిషి. గట్టు ఎక్కడ దిగుతుందో కాలితో తడుముకుంటూ నడిచారు.

"కంటి డాక్టరు దగ్గరికి వెళ్ళాను, ఒక్కణ్ణే" అన్నారు. "రెండు కళ్ళూ నడిమధ్య పాడయ్యాయట. అంచులు ఉంటాయి, నడుమ ఉండదు. దేన్ని నేరుగా చూస్తే అదే మాయం. ఇక ఇంతే, బాగయ్యేది కాదన్నాడు."

"మరి నా మొహం?"

"నీ మొహం కావాలంటే నీ చెవి వైపు చూడాలి."

"అయితే ఇన్నాళ్ళూ నా చెవుల్నే చూస్తున్నారా?"

"కమ్మలు బాగున్నాయి" అన్నారు. నవ్వబోయాను. ఏడుపొచ్చింది. గాలికి కళ్ళు నీరు కారుతున్నాయని అత్తయ్యకు చెప్పాను. ఆమె నమ్మలేదు.

ఇదీ నీ ప్రశ్నకు జవాబు. అలక కాదు, నాయనా. నీకు రాద్దామని కూర్చుని, గీత మీద గీత పడి, చదవడానికి వీల్లేకుండా పోతే చించేశారు. "వాడికి తెలియనివ్వకు. ఓడ మీదున్నవాడు దిగి రాలేడు, ఉన్నచోట ఉండనూ లేడు" అన్నారు. ఆయన మాట కాదని రాస్తున్నాను. ఆ రోజు ఆ పరాయి మనిషి భుజాలు పట్టుకున్నప్పుడు ఆయన మొహంలో వెలుగు నేను చూశాను. అది నీది. నీకు చెప్పకపోతే ఎట్లా?

దుకాణం మూసేశాం. గోడ గడియారాలన్నీ ఎవరివి వాళ్ళకు ఇచ్చేశాక ఇల్లు చప్పబడిపోయింది. ఆయన వీధి అరుగు మీద కూర్చుని, వచ్చేపోయేవాళ్ళను అడుగుల చప్పుడును బట్టి పోల్చుకోవడం నేర్చుకుంటున్నారు. సగం సార్లు తప్పుతున్నారు. అత్తయ్య ఇంట్లో ఏ వస్తువూ చోటు మారకుండా కాపలా కాస్తోంది. కుర్చీ జరిపితే నన్నూ పిల్లనూ తిడుతోంది.

ఉద్యోగం మానుకుని పరుగెత్తుకు రమ్మని నేననను. ఓడ ఇటు వచ్చినప్పుడే రా. అయితే ఎప్పుడొచ్చినా పిల్లిలా లోపలికి వచ్చి, వెనకనుంచి ఆయన కళ్ళు మూసి, "ఎవరో చెప్పుకో" అంటావే, ఈసారి ఆ పని చెయ్యకు. వీధి మలుపులోనే "అన్నయ్యా" అని గట్టిగా పిలువు. పిలుస్తూనే రా.

ఇట్లు,
మీ అన్నయ్యకు తెలియకుండా రాసిన
వదిన