కొండ వెనక ఊట

చిరంజీవి బుజ్జమ్మను దీవించి అమ్మ రాయునది. ఇక్కడ నేనూ నాయనమ్మా క్షేమం. పొద్దున లేచి తిరుగుతున్నాం కాబట్టి క్షేమమనే అనుకోవాలి. నువ్వు వేళకి తింటున్నావని తలుస్తాను.

నీ ఉత్తరం అంది పదిరోజులైంది. తీరిక లేక జవాబు రాయలేదంటే అది సగం నిజమే. మిగతా సగం చెప్పడానికే ఇవాళ కూర్చున్నాను. ఫోనులో చెప్పగలిగే సంగతి కాదు.

యాత్రికులకిచ్చే మన గదులు నిండుతున్నాయా అని అడిగావు. మొన్నటిదాకా నిండాయి. పట్నం నుంచి వచ్చేవాళ్లకి పల్లె పాత పల్లెలాగే కనబడాలట. ట్రావెల్స్ ఆయన ప్లాస్టిక్ బకెట్లు దాచమన్నాడు, టీవీ మీద దుప్పటి కప్పమన్నాడు. ఒక్కపూట ఉండేవాళ్లకైనా పక్కబట్టలు ఉతకాలి, నీళ్లు కాచాలి, ఎదురెళ్లి నవ్వాలి. ఉతుకుడు కన్నా ఆ నవ్వుకే నాకు అలుపు ఎక్కువ.

నాయనమ్మ మోకాళ్లు అలాగే ఉన్నాయి. ఫొటోల కోసం ఆవిడ చేత తిరగలి తిప్పిస్తున్నారు, లోపల గింజ కూడా లేకుండా. "పిండి విసిరినన్నాళ్లూ ఎవడూ చూడలేదే కోడలా, ఇప్పుడు ఉత్త రాయి తిప్పితే చప్పట్లు కొడుతున్నారు" అంటుంది. అలా అంటూనే కొంగు సర్దుకుని కూర్చుంటుంది.

ఇక డ్రైవర్ బాబాయి సంగతి. హాస్టల్ వైపు రావడమే మానేశాడేమని అడిగావు. మీ నాన్న పోయినప్పటి నుంచి ఆయన జీపే మనకి కాళ్లు. ఆ జీపు మొన్నటిదాకా నాలుగు నెలలు కదలకుండా పడి ఉంది. ఆ నాలుగు నెలలూ ఆయన క్వారీలో రాళ్లు మోశాడు.

కొండ వెనక ఊట దగ్గరికి బయటివాళ్లని తీసుకెళ్లకూడదని ఊరంతా అనుకున్న మాట నీకు తెలుసు. జలపాతం దాకా ఎవరినైనా తీసుకెళ్లచ్చు. ఊట మాత్రం వేసవిలో మనం తాగే నీళ్లు. చలికాలం చివర ఎవరో ఆ ఊట ఫొటోలు ఫోనులో పెట్టారు. వారం తిరక్కుండా కార్లలో జనం దిగారు. సబ్బులు, సీసాలు, పసిపిల్లల గుడ్డలు. గట్టు విరిగింది, నీళ్లు బురదయ్యాయి, ముగ్గురు పిల్లలకి వాంతులు పట్టుకున్నాయి. దారి చూపించిందెవరో తేల్చడానికి ఊరు కూర్చుంది. యాత్రికుల్ని తిప్పే జీపున్నవాడు ఆయనొక్కడే కదా. "నేను కాదు" అని ఒక్కసారి అన్నాడు బాబాయి. ఎవరూ నమ్మలేదు. ఏడాదిపాటు యాత్రికుల్ని ఎక్కించుకోవద్దని జీపు తాళాలు తీసుకున్నారు.

బుజ్జమ్మా, దారి చూపించింది నేను.

ఒకావిడ ఒంటరిగా వచ్చింది. రెండు రోజులు గది తలుపు తీయలేదు, పెట్టింది ముట్టలేదు. మూడోనాడు, మనుషులు లేని చోటేదైనా ఉందా అని అడిగింది. కూతురు పోయిందట, నీ ఈడుదే. ఇంకేమీ ఆలోచించలేదు, ఊట దగ్గరికి తీసుకెళ్లాను. ఆ నీళ్లలో చేతులు పెట్టుకుని చాలాసేపు ఏడ్చింది. ఇంటికొచ్చి కడుపునిండా తింది. ఆవిడ చెడ్డది కాదు. తనకి ఊరట దొరికిన చోటని ఆ ఫొటోలు పెట్టి నలుగురికీ చెప్పుకుంది, అంతే. కానీ ఊరు కూర్చున్నరోజు నేనూ ఆడవాళ్ల మధ్యే ఉన్నాను. నోరు విప్పలేదు. మన గదులు మూయిస్తే నీ చదువేమవుతుందోనని భయపడ్డాను. సిగ్గు కూడా పడ్డాను. ఏది ఎక్కువో ఇప్పటికీ చెప్పలేను.

నీ ఉత్తరం పోస్టాఫీసులో ఉంటే బాబాయే నడిచి తెచ్చిచ్చాడు. వేలికి గుడ్డ చుట్టి ఉంది, రాయి పడిందట. ఆ వేలు చూశాక ఇక ఆగలేక అరుగు మీదే అంతా చెప్పేశాను.

"తెలుసు వదినా" అన్నాడు. "ఆ రోజు మలుపులో టైరు మారుస్తున్నా. మీరిద్దరూ కొండెక్కడం చూశా."

"మరి అందరిముందూ చెప్పలేదేం?"

"చెబితే నీ గదులు మూసేవాళ్లు. నాకు రాళ్లెత్తే పనైనా ఉంది. నీకేముంది?"

తిట్టినా బాగుండేది.

మర్నాడే పెద్దల్ని అడిగి ఊరిని కూర్చోబెట్టించాను. నిలబడి చెప్పాను. జీపు వదిలారు. మన గదులు ఏడాదిపాటు మూయమన్నారు. కొందరు పలకరించడం మానేశారు, మానరూ మరి. నీ చదువు గురించి దిగులు వద్దు, టౌన్లో లాడ్జీవాళ్ల బట్టలు ఉతకడానికి ఒప్పుకున్నాను. ఇంటికొచ్చాక నాయనమ్మ మంచం మీద జరిగి నాకు పక్కన చోటిచ్చింది.

ఆ రోజు ఇంటిదాకా నా వెంట నడిచింది బాబాయి ఒక్కడే. గుమ్మం దగ్గర ఆగి, "రేపు ఊట పూడిక తీయాలి. పార తెచ్చుకో" అన్నాడు.

మొదటిరోజు మేమిద్దరమే. తర్వాత ఒకరొకరే వచ్చారు, నాతో మాట్లాడకుండానే తట్టలందుకున్నారు. నిన్నటికి అడుగు రాయి కనబడింది. నీళ్లు ఇంకా తేరలేదు. చేతులు బొబ్బలెక్కి అక్షరాలు వంకరపోతున్నాయి, కంగారుపడకు.

నాకు జవాబు తర్వాత రాద్దువుగాని. ముందు బాబాయికి ఒక ఉత్తరం రాయి. ఏం రాయాలో అడగకు, అది నాకూ తెలియలేదు.

ఇట్లు,
ఒళ్లంతా నొప్పులైనా కాస్త నిద్రపడుతున్న
మీ అమ్మ